క్రూడాయిలుతో పరుగు పందెం

మా వదిన క్రూడాయిలుతో పరుగు పందెం వేసి గెలిచింది. గొట్టం లోపల అది, గొట్టం పైన ఈవిడ. బయలుదేరేటప్పుడు దానికంటే వెనకుంది, చేరేటప్పుడు దానికంటే ముందుంది, మధ్యలో ఓ డిపోలో ఆగి బస్సులన్నిటి నోళ్ళూ మూయించింది. నమ్మనివాళ్ళు ఇక్కడే లేచి వెళ్ళిపోవచ్చు. మిగిలినవాళ్ళు కుర్చీ కాస్త దగ్గరికి లాక్కోండి. నేను కాలేజీని మధ్యలో వదిలేసినవాణ్ణి కనుక నా మాటకి సర్టిఫికెట్టు లేదు. కాలేజీయే నన్ను వదిలేసిందని మా అన్నయ్య అంటాడు. ఎవరు ముందు వదిలారన్నది ఇంకా తేలలేదు. కానీ ఆ రోజు జీపు నడిపింది నేను. కాబట్టి ఈ ఒక్క విషయంలో నన్ను మించిన పండితుడు ఎక్కడా దొరకడు.

ముందు వదిన చెవుల గురించి చెప్పాలి. ఇంట్లో మా అమ్మ చక్కెర డబ్బా మూత తీస్తే, వీధి చివర ఉన్న వదిన "అత్తయ్యా, డాక్టరు వద్దన్నాడు కదా" అని అక్కణ్ణుంచే కేకేస్తుంది. నా జీపు వంతెన దిగకముందే అందులో డీజిలు ఎంతుందో చెప్పేస్తుంది. ఇది మాత్రం అంత గొప్ప కాదు లెండి, నా జీపులో డీజిలు ఎప్పుడూ ఉండదు.

ఆ చెవులకి అంత పదును పెట్టింది గొట్టాల పనే. క్రూడాయిలు నీళ్ళలా మర్యాదగా పారే సరుకు కాదు. పోతూ పోతూ గొట్టం గోడలకి మైనంలాంటి మడ్డిని పూసి పోతుంది. కొన్నాళ్ళు పట్టించుకోకపోతే లోపలి దారి సన్నబడిపోతుంది. దాన్ని గీకడానికి ఓ మొద్దును లోపలికి తోస్తారు. ఇనుప నడుము, ముందూ వెనకా దళసరి రబ్బరు గిన్నెలు, మధ్యలో తీగ బ్రష్షులు. వెనక నుంచి నూనె నెడుతుంటే అది గోడలు గీక్కుంటూ, మడ్డినంతా ముందుకి తోసుకుంటూ పోతుంది. దాన్ని పిగ్గు అంటారు. ఎందుకంటారని నన్నడక్కండి. అది బయటికొచ్చినప్పుడు ఒకసారి చూస్తే మీరే ఒప్పుకుంటారు.

గొట్టం భూమిలో ఉంటుంది. పిగ్గు ఎక్కడిదాకా వెళ్ళిందో పైనుంచి తెలియదు. అందుకని వాల్వుల దగ్గర, గొట్టం కాస్త పైకి తేలిన చోటల్లా ఓ మనిషి ముందుగా వెళ్ళి కాచుకోవాలి. పొడవాటి స్క్రూడ్రైవరు మొనని గొట్టానికి ఆనించి, పిడిని చెవికి ఆనించి వినాలి. వెల్డింగు అతుకు దాటినప్పుడల్లా పిగ్గు టక్కుమంటుంది. పెళ్ళి కాకముందు నుంచీ పెద్ద కాంట్రాక్టరు దగ్గర వదిన చేసిన పని ఇదే. వాళ్ళ పెళ్ళిచూపుల్లో అన్నయ్యని "ఏం పని చేస్తారు" అని ఎవరో అడిగితే, ఆయన నోరు తెరవకముందే "స్పానర్లు సర్దుతారు, జేబులో చప్పుడవుతోంది" అందట. ఆ సంబంధం అక్కడే కుదిరిపోయింది.

తర్వాత బ్యారెలు ధర కుప్పకూలింది. ఎక్కడో ఎవరో ఏదో అమ్ముకోలేకపోతే మా వీధిలో వెల్డింగు షాపులు మూతపడటమేమిటో ఇప్పటికీ నాకర్థం కాదు గానీ, పడ్డాయి. మా గొట్టం లైను ఆపేశారు. పంపుల మీద గుడ్డలు కప్పారు, గుడ్డల మీద దుమ్ము కప్పింది. వదిన గ్యాసు పొయ్యిలు బాగుచేయడం మొదలుపెట్టింది. బర్నరు చిల్లుల్లో పిన్నీసు పెట్టి పొడుస్తూ, మంట నీలంగా వచ్చేదాకా చెవి ఒగ్గి కూర్చునేది. అంత పెద్ద చెవికి అంత చిన్న పని చూసి నాకు ఒళ్ళు మండేది.

మళ్ళీ ధర లేచింది. ఎంత లేచిందంటే, టీకొట్టు టీవీలో ఆటల పోటీలు ఆపి బ్యారెలు ధర పెట్టమని జనం గొడవ చేశారు. జన్మలో బ్యారెలు ముఖం చూడనివాళ్ళు కూడా పొద్దున్నే "ఎంతకెళ్ళింది" అని పలకరించుకునేవాళ్ళు. లైను లేపుతున్నారన్న కబురు వచ్చిన రోజు మా వీధిలో తుప్పు వదలగొట్టే చప్పుడు తప్ప ఇంకేమీ వినపడలేదు. వదిన నాలుగు మెట్లు దిగాల్సిన చోట ఒక్క గెంతు గెంతింది.

ఈసారి ఆవిడ ఎవరి దగ్గరా కూలికి వెళ్ళలేదు. తన పేరు మీదే పని అడిగింది. పనివాళ్ళెవరయ్యా అంటే అన్నయ్య, వీధి చివరి వెల్డరు బాబాయి, నా జీపు, జీపులో నేను. కంట్రోలు రూము సారు మంచివాడే. ఉన్నమాట చెప్పాడు.

"ఈ ఒక్క పిగ్గు సురక్షితంగా అవతలికి చేర్చండమ్మా. లైను మొత్తం శుభ్రం చేసే పని మీకే ఇస్తాం. ఇరుక్కుంటే మాత్రం పంపు ఆపి, గొట్టం కోయించి తీయాలి. ఇప్పుడున్న ధరకి లైను ఆగిందంటే పైవాళ్ళు నన్ను కోస్తారు. అప్పుడిక పాత కాంట్రాక్టరుకే ఇవ్వాల్సొస్తుంది."

"చేరుస్తాను సార్" అంది వదిన. అంత చిన్న గొంతుతో ఆవిడ మాట్లాడటం నేనదే మొదటిసారి వినడం.

ఇక్కడ మా అన్నయ్య గురించి ఓ ముక్క. ఆయన దృష్టిలో నేల మీద పడి ఉన్న వస్తువు అనాథ. దాన్ని చేరదీసి ఓ చోటు చూపిస్తే గానీ ముద్ద దిగదు. మా ఇంట్లో గోడ నిండా మేకులు, ఒక్కో మేకు చుట్టూ సుద్దతో గీసిన స్పానరు బొమ్మ. నా చెప్పులకి కూడా గుమ్మం దగ్గర బొమ్మ గీశాడు. నేనే దాన్ని ఖాళీగా ఉంచుతాను.

ఇప్పటి పిగ్గులకి చెవి పెట్టి వినే బాధ అంతగా లేదు. దాని వెనక భాగంలో బీపరు బిగిస్తారు. పైన వినే పెట్టె పట్టుకుంటే లోపలి బీపరు కూత వినిపిస్తుంది. వాడనప్పుడు బ్యాటరీ అరిగిపోకుండా బీపరు మీద అయస్కాంతం అంటించి ఉంచుతారు. అది ఉన్నంతసేపూ బీపరు నిద్రపోతుంది, తీస్తే మేలుకుంటుంది.

ఆ పొద్దున్న వదిన అయస్కాంతం తీసింది, కూత విన్నది, అయస్కాంతాన్ని నేల మీద పెట్టింది, బోల్టులు చూడటానికి అవతలికి వెళ్ళింది. పిగ్గుని గొట్టం మొదట్లో ఉన్న లావుపాటి పీపాలాంటి దాంట్లోకి నెట్టాం. తలుపు బిగించాం. సారుకి ఫోను చేస్తే నూనె వదిలాడు. లోపల ఏనుగు గొంతు సవరించుకున్నట్టు ఓ చప్పుడు, తర్వాత బరబరమని రాపిడి, తర్వాత ఏమీ లేదు. వెళ్ళిపోయింది. వెల్డరు బాబాయి చప్పట్లు కొట్టాడు. వదిన వినే పెట్టె పట్టుకుని గొట్టం వెంట నడిచింది. పెట్టె నోరు మెదపలేదు.

"ఏమండీ, అయస్కాంతం ఏది?"

"భద్రంగా ఉంది" అన్నాడు అన్నయ్య.

"భద్రంగా అంటే?"

"కింద పడుంటే ఎవరైనా తొక్కుతారని దానికే అంటించాను."

"దేనికి?"

అన్నయ్య గొట్టం వైపు చూశాడు. "గట్టిగానే పట్టుకుంది. ఎక్కడికీ పోదు."

"ఎక్కడికీ పోదా" అంది వదిన. "మనల్ని దాటి పోతోందండీ అది."

నేను నవ్వితే నా ప్రాణం మీదికొచ్చేలా ఉందని పెదవి కొరుక్కున్నాను. వెల్డరు బాబాయి మాత్రం ఆపుకోలేకపోయాడు. "పోనీలేమ్మా, మీ ఆయన్ని కూడా దానికే అంటించి పంపాల్సింది" అన్నాడు. వదిన వినే పెట్టెని అన్నయ్య చేతిలో పెట్టి, టూల్సు సంచిలోంచి పొడవాటి స్క్రూడ్రైవరు లాగి జీపెక్కింది.

"తోలవయ్యా. అది మొదటి వాల్వుకి చేరేలోపు మనం ఉండాలి."

తోలానా. జీపు నేలకి ఆనిందంటే అది మలుపుల్లో మాత్రమే. దారిలో ఓ సైకిలు మనిషి మా గాలికే కొంతదూరం తొక్కకుండా వచ్చాడు. మొదటి వాల్వు దగ్గర వదిన ముళ్ళకంపని పక్కకి తోసి గొట్టం పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. అన్నయ్య, బాబాయి, నేను చుట్టూ చేరాం. కొంతసేపటికి ఆవిడ కనుబొమలు లేచాయి.

"టక్కు" అంది. ఇంకాస్త ఆగి, "టక్కు. వస్తోంది. వచ్చింది. పోయింది. పద."

కాలవ దగ్గర మళ్ళీ అంతే. అక్కడ నన్నూ వినమంది. పిడికి చెవి ఆనిస్తే నా చెవిలోకి ఇనుప వాసన ఎక్కింది, ఆ తర్వాత ఎవరో లోకం అడుగున నడుస్తున్నట్టు టక్కుమని ఒక్క అడుగు.  కాలేజీలో ఇలాంటి పాఠం ఒక్కటి చెప్పినా నేనే ప్రిన్సిపాలునై ఉండేవాణ్ణి.

మూడో చోటు బస్సుల డిపో వెనక వాల్వు గది. వదిన చెవి పెట్టింది, వెంటనే తల ఊపింది. "టక్కు టక్కుమంటోంది. దాటిపోతోంది, పద." సారుకి ఫోనులో అదే మాట చెప్పి మేం మళ్ళీ గాల్లోకి లేచాం. ఆ తర్వాతి వాల్వు దగ్గర కూర్చున్నాం. కూర్చున్నాం. వెల్డరు బాబాయి తెచ్చుకున్న రొట్టె మొత్తం తినేశాడు. గొట్టం లోపల నూనె సవ్వడి తప్ప ఇంకేమీ లేదు. అప్పుడు సారు ఫోను చేశాడు.

"అమ్మా, నా దగ్గర ప్రెషరు ఎక్కుతోంది. ఎక్కడో ఇరుక్కుంది. మీరేమో డిపో దాటిందన్నారు."

వదిన స్క్రూడ్రైవరుని రెండుసార్లు అటూ ఇటూ తిప్పింది.

"నేను విన్నది పిగ్గుని కాదు సార్" అంది. "డిపోలో బస్సుని. తొందరపడ్డాను. అది ఇంకా డిపో దాటలేదు."

"పంపు తగ్గిస్తాను. కానీ సాయంత్రం దాటితే ఇలా నడపలేను. ఆలోపు దొరక్కపోతే ఆపేయాల్సిందే. నా చేతుల్లో ఉండదమ్మా."

వెనక్కి తోలుతుంటే జీపులో ఎవరూ జోకులేయలేదు. అద్దంలో వదిన ముఖం చూశాను. పొయ్యి బర్నర్లు బాగుచేసేటప్పటి ముఖం అది.

డిపో మేస్త్రీ మా మాట విని నడుం మీద చేతులు పెట్టుకున్నాడు. "ఇంజన్లు ఆపాలా? బస్సులు ఆపితే ప్రయాణికులు నన్ను ఆపేస్తారమ్మా."

"కాసేపే అన్నా. ఒక్కసారి వింటాను."

"ఏం వింటావు?"

నేను అందుకున్నాను. "మా వదిన భూమికి నాడి చూస్తుంది."

"జ్వరమేమన్నా ఉందా దానికి?" అన్నాడు ఓ డ్రైవరు, కిటికీలోంచి.

"గొంతులో ముద్ద అడ్డం పడింది" అన్నాడు వెల్డరు బాబాయి.

మేస్త్రీ నవ్వి ఈలేశాడు. ఒక్కో బస్సూ దగ్గి, వణికి, ఆగిపోయింది. ఇక్కడ నేను ఒక్క పిసరు కూడా కలపను: డిపో అంత నిశ్శబ్దమయ్యేసరికి, టిక్కెట్లు చించే చప్పుడు ఉరుములా వినపడింది. వదిన వాల్వుకి ఇటువైపు విన్నది, అటువైపు విన్నది, మళ్ళీ ఇటు వచ్చింది.

"టక్కు లేదు. ఇక్కడ మాత్రం బుసకొడుతోంది. రబ్బరు పక్కనుంచి నూనె దూరుతున్న చప్పుడు. ఇక్కడిక్కడే ఉంది."

"వాల్వు తెరిచే ఉంది కదా, బోర్డు మీద రాసుంది" అన్నాను.

అప్పుడు అన్నయ్య లేచాడు. పొద్దుట్నుంచీ ఆ వినే పెట్టెని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న మనిషి, ఇప్పుడు వాల్వు చుట్టూ ఓ ప్రదక్షిణ చేశాడు. వాల్వు తిప్పే చక్రం మధ్యలోంచి పైకి పొడుచుకొచ్చిన ఇనుప కాడ దగ్గర జానతో కొలిచి చూశాడు.

"ఈ కాడ పొట్టిగా ఉంది" అన్నాడు.

"అంటే?"

"మిగతా వాల్వులన్నిటికీ ఒకే ఎత్తున ఉన్నాయి. ఇది వరసలో లేదు. లోపలి తలుపు పూర్తిగా పైకి లేవలేదు. తుప్పుకి పట్టేసి ఉంటుంది. నూనెకి దారి సరిపోతుంది, పిగ్గుకి సరిపోదు."

వదిన ఆయన వైపు చూసింది. పెళ్ళిచూపుల తర్వాత అలా చూడటం అదే రెండోసారని నా అంచనా. "సార్" అంది ఫోనులో, "పంపు ఇంకా తగ్గించండి. వాల్వు తిప్పుతున్నాం."

చక్రం కదల్లేదు. తుప్పు వదిలే నూనె పోసి, వెల్డరు బాబాయి సుత్తితో మెల్లగా తట్టాడు. చక్రం పుల్లల మధ్య పొడవాటి గొట్టం దూర్చి అన్నయ్యా నేనూ వేలాడాం. నేను వేలాడితే అది వంగిందే గానీ తిరగలేదు. అప్పుడు డ్రైవర్లు దిగొచ్చారు. స్టీరింగులు తిప్పి తిప్పి కండలు పెంచిన చేతులు. "ఏ వైపు తిప్పాలో చెప్పమ్మా, ఇంటికి ఆలస్యమైతే మా ఆవిడకి నువ్వే సంజాయిషీ ఇవ్వాలి" అన్నాడు ఒకడు. కీచుమని ఓ అరుపు. కాడ వేలెడు లేచింది. ఇంకాస్త. వదిన చెవి గొట్టాన్ని వదల్లేదు, చెయ్యి మాత్రం గాల్లో "ఇంకా, ఇంకా" అంటోంది. ధడ్డుమని చప్పుడు. మా అరికాళ్ళకి తెలిసింది. వదిన వాల్వుకి అటువైపు దూకి స్క్రూడ్రైవరు ఆనించింది.

"టక్కు" అంది. కళ్ళు మూసుకుని మళ్ళీ, "టక్కు."

డ్రైవర్లు ఒక్కసారిగా హారన్లు మోగించారు. ఆ మోతకి పక్క ఊళ్ళో పిల్లలకి సెలవిచ్చేశారంటారు, నేను ఖండించను.

చివరి స్టేషనుకి మేం చేరేసరికి ఎండ ఇంకా గోడల మీదే ఉంది. సారు కూడా అక్కడికే వచ్చి కాచుకున్నాడు. వదిన ఆయన చేతికి స్క్రూడ్రైవరు ఇచ్చింది. ఆయన చొక్కా మాస్తుందని చూడకుండా వంగి చెవి పెట్టాడు. ఇద్దరూ వంతులేసుకుని విన్నారు. ఒకరికి వినపడితే రెండోవాళ్ళు "నన్నూ విననివ్వండి" అనడం. చివరికి స్క్రూడ్రైవరుతో పని లేకుండానే అందరికీ వినపడింది: ఈ చివర ఉన్న పీపా అడుగున మెత్తగా, బరువుగా గుద్దుకున్న చప్పుడు. వాల్వులు మూసి, నూనె దించి, తలుపు తీశారు. మడ్డి దొర్లుకుంటూ బయటికి వచ్చింది, దాని వెనక గుర్తుపట్టలేని ఆకారంలో మా పిగ్గు. పుట్టిన బిడ్డని చూసినట్టు చూశాం. రబ్బరు ఓ పక్క చిరిగిందే గానీ మిగతాదంతా చెక్కుచెదరలేదు.

సారు జేబులోంచి రెండు చివర్ల స్టేషన్ల తాళాలూ తీసి వదిన చేతిలో పెట్టాడు. "ఇవి ఇక మీ దగ్గరే ఉండనివ్వండి" అన్నాడు. వదిన చేతులకి మడ్డి ఉందని, కొంగుతో పట్టుకుంది.

ఈ కథని నేను టీకొట్టులో చెప్పినప్పుడల్లా జీపు కొంచెం వేగం పెరుగుతుంది, డిపోలో బస్సులూ పెరుగుతాయి. మొన్న సరిగ్గా పందెం గెలిచే చోటికి వచ్చేసరికి వదిన తాళాల గుత్తితో లోపలికొచ్చింది. జనం ఆవిడకి కుర్చీ వేసి, "నిజంగా క్రూడాయిలునే ఓడించావా అమ్మా" అని అడిగారు. వదిన టీ చల్లార్చుకుని ఓ గుక్క తాగింది.

"పందెమూ లేదు పాడూ లేదు. అది మనిషి నడిచినంత జోరుగానే పోతుంది. నేను జీపులో కూర్చుని వెళ్ళాను."