తెల్లపిండికి సాక్ష్యం

బావ పోయిన రెండో నెలలో అక్క కొల్లాపూర్ దగ్గరి తన ఊరి నుంచి బస్సెక్కి వనపర్తిలోని మా ఇంటికి వచ్చింది. చేతిలో ఒక సంచి. అందులో బావ ఎక్స్‌రేలు, దవాఖాన కాగితాలు, ఒక ఫోటో ఉన్నాయి.

"నువ్వు పిల్లలకు సదువు చెప్పేటోనివి. జర మంచిగ రాయి తమ్మీ. మిల్లుల పని చేసి చేసే మీ బావ పాణం పోయిందని సర్కారోళ్లు ఒప్పుకునేటట్టు రాయి" అంది.

బావ తెల్లరాయిని పిండి కొట్టే మిల్లులో పదకొండేళ్లు పనిచేశాడు. ఇంటికి వస్తే కనురెప్పల మీద కూడా ఆ పిండి ఉండేది. మూతికి చుట్టుకున్న తువ్వాలే రక్షణ. చివరి రెండేళ్లు నాలుగడుగులు వేస్తే ఆయాసం. పడుకుంటే ఊపిరాడక గోడకు ఆనుకుని కూర్చునే నిద్రపోయేవాడు. అక్కడ పనిచేస్తున్నట్టు మిల్లువాళ్లు ఆయనకు ఒక్క కాగితం ముక్క కూడా ఇవ్వలేదు.

ఒక మాట అన్నాక ఆధారం చూపాలని, ఒకే రకం ఆధారాన్ని నమ్ముకోవద్దని కాలేజీలో ఏటా పాఠం చెప్పేవాణ్ని నేను. ఆ ధీమాతోనే నష్టపరిహారం కోసం కార్మిక శాఖకు అర్జీ రాశాను. జబ్బుకు ఎక్స్‌రే ఉంది. మిల్లుకు ఫోటో ఉంది. అందులో దసరా నాడు యంత్రానికి పూజ చేసి, దాని పక్కన బావ కొబ్బరికాయతో నిలబడ్డాడు. ఇక కళ్లారా చూసిన మనిషి మాట ఒక్కటే కావాలి.

బావతో పాటు పనిచేసిన ఒకతని ఇంటికి వెళ్లాను. నాకు కుర్చీ వేసి, తను గడప మీద కూర్చున్నాడు. మాట మాటకూ దగ్గుతున్నాడు.

"ఆయన పని చేసింది నిజమే సారూ. ఇద్దరం ఒక్కతాననే పిండి ఎత్తినం. కానీ నేనింకా ఆడికే పోతున్న. సంతకం పెడితే రేపటి నుంచి రావద్దంటరు" అన్నాడు.

నేను బలవంతపెట్టలేకపోయాను.

అక్కను తీసుకుని ఆఫీసుకు వెళ్లాను. అక్కడి అధికారి అర్జీ అంతా ఓపికగా చదివాడు.

"ఎక్స్‌రేలో జబ్బు కనిపిస్తుంది సార్. ఎక్కడ పట్టుకుందో కనిపించదు. ఫోటోలో ఒక పండుగ రోజుంది. పదకొండేళ్లు లేవు" అన్నాడు. తర్వాత బావను దవాఖానలో చేర్పించిన నాటి కాగితం నా వైపు తిప్పాడు. వృత్తి అన్నచోట 'వ్యవసాయ కూలీ' అని ఉంది.

"ఇది ఎవరు రాశారు?"

"నేనే" అన్నాను.

ఆ రోజు బావ నా చెయ్యి పట్టుకుని, "మిల్లు సంగతి రాయకు. నయమైతే మళ్ల ఆడికే పోవాలె గద" అన్నాడు. నాకు తప్పనిపించలేదు. రాసి, మరిచిపోయాను. అర్జీకి జతచేసేటప్పుడు కూడా చూసుకోలేదు.

బయట మెట్ల మీద కూర్చుని అక్క కాగితాలన్నీ సంచిలో సర్దుకుంది.

"ఆయననే అట్ల రాయమన్నడా?" అని అడిగింది.

"అవునక్కా."

"నువ్వు తప్ప ఎవలన్న విన్నరా?"

"లేదు."

అక్క నన్ను అనుమానించి అడగలేదు. పొద్దుటి నుంచి ఆ ఆఫీసులో విన్న ప్రశ్నలే ఆమె నోట కూడా వచ్చాయి. కానీ నేను చెప్పింది నిజమని చూపించడానికి నా దగ్గర ఏమీ లేదు.

కొన్ని వారాలకు జవాబు వచ్చింది. ఆధారాలు చాలవన్నారు. అక్కకు ఫోన్‌లో చదివి వినిపించాను. "సరే తమ్మీ" అని పెట్టేసింది.

అక్క ఇప్పుడు మామిడి తోటల్లో కూలికి పోతోంది. ఫోన్ చేస్తే నా పిల్లల సంగతి అడుగుతుంది, వానల సంగతి చెప్తుంది. బావ మాట మా ఇద్దరి మధ్య రావడం లేదు.