ఫ్రిజ్జులో మా అమ్మ

చనిపోయి పదేళ్లయిన మా అమ్మను నేనే కరెంటు పెట్టి ఇంటికి రప్పించాను. నమ్మడం లేదు కదూ? అయినా సరే, కాళ్లకు చెప్పులు వేసుకునే చదవండి.

అయిదారేళ్ల కిందట, చిట్కుల్‌లోని మా ఇంట్లో అమ్మ వండిన కట్టెల పొయ్యిని కూలగొట్టి కొత్త వంటగది కట్టించాను. మా ఆవిడ యాదమ్మ ఇరవై ఏళ్లుగా అడుగుతున్న గది అది. వైరింగు మాత్రం ఎవరికీ అప్పగించలేదు. "ముప్పై ఏండ్లు ఫ్యాక్టరీల కరెంటుతోనే బతికిన. నాకు చెప్తరా?" అన్నాను.

మొదటిరోజే, పట్టపగలు, యాదమ్మ లైటు ఆపి వెనక్కి చూసింది. పక్కింటి గోడ అడ్డమై గదంతా చీకటి. ఆ చీకట్లో, ఆపేసిన బల్బు ఆరలేదు. రెప్ప వేయని ముసలికన్నులా, తెల్లగా, సన్నగా చూస్తోంది.

"ఏమయ్యా, గా బల్బు సూడు. ఆపినా సస్తలేదు."

"కొత్తది గదనే, జోరు మీదుంది."

తర్వాత ఫ్రిజ్జు తలుపు పట్టుకుంది. కెవ్వుమని చేయి లాక్కుంది.

"గిచ్చింది! అత్తమ్మ గిచ్చినట్టే గిచ్చింది!"

అడగకుండా తొక్కు జాడీ ముట్టుకుంటే కోడలి మణికట్టు గిచ్చడం మా అమ్మకు అలవాటు. ఆ జాడీ ఇప్పుడు ఫ్రిజ్జులో ఉంది.

"పొయ్యి కూలగొట్టినమని వచ్చింది. అత్తమ్మ ఒప్పుకుంటెనే శుక్రవారం పాలు పొంగిస్త. లేకుంటే లోపల అడుగు పెట్ట," అంటూ యాదమ్మ వాకిట్లో మూడు రాళ్లు పేర్చి వంట మొదలుపెట్టింది.

నేను నవ్వుతూ వెళ్లి ఫ్రిజ్జు మీద వేలు పెట్టాను. మోచేతిదాకా జివ్వుమంది. అచ్చం అమ్మ గోరే! ఫ్రిజ్జు గొంతు సవరించుకుంది. పైనుంచి కన్ను చూస్తూనే ఉంది.

నవ్వు ఎటు పోయిందో తెలియదు. స్నానం చేసి, తడిబట్టలతో, వట్టికాళ్లతో ఫ్రిజ్జు ముందు కొబ్బరికాయ కొట్టాను. "తప్పైందమ్మా!" అంటూ సాష్టాంగపడి దాని కాళ్లు పట్టుకున్నాను. అమ్మ నన్ను ఎదురు గోడకు విసిరికొట్టింది.

నా కేక విని, పక్క సందులో ఉంటూ పటాన్‌చెరులో ఎలక్ట్రీషియన్‌గా పనిచేసే మేనల్లుడు సత్తయ్య పరుగెత్తుకొచ్చాడు. మెయిన్ ఆపి బోర్డు విప్పాడు.

"మామా, ఎర్రవైరుకు పెట్టాల్సిన స్విచ్చు నల్లవైరుకు పెట్టినవ్. గందుకే బల్బు ఆరుతలేదు. మరి ఫ్రిజ్జు షాకు కొట్టకుండ భూమికి పోవాల్సిన పచ్చవైరేది?"

"రెండు వైర్లతోనే కరెంటొస్తుంటె మూడోది దండగ గదరా..."

"ఏడ వెట్టినవ్?"

యాదమ్మ వాకిట్లోంచే చేయి చూపింది. ఆమె చీరలు ఆరేసిన దండెం పచ్చగా మెరుస్తోంది.

"ముప్పై ఏండ్లు కరెంటుతోనే బతికిన అన్నవ్ గద మామా?"

ఇక చెప్పక తప్పలేదు. ఫ్యాక్టరీ గేటు దగ్గర, షిఫ్టు మారినప్పుడు సైరన్ బటన్ నొక్కేవాణ్ణి. కరెంటుతో నా బతుకు అంతే.

సత్తయ్య స్విచ్చును ఎర్రవైరుకు మార్చి, దండెం విప్పి ఆ పచ్చవైరును భూమిలోకి దించాడు. కన్ను మూతపడింది. గిచ్చుడు ఆగింది. శుక్రవారం పాలు పొంగాయి. యాదమ్మ మాత్రం ఇప్పటికీ ఫ్రిజ్జు తెరిచేముందు, "అత్తమ్మా, తొక్కు తీస్కుంటున్న," అంటుంది.

నేను కొబ్బరికాయ కొట్టిన ఆ ఫ్రిజ్జు సాక్షిగా ఒట్టు: బతికినన్నాళ్లు ఏ వైరూ ముట్టను. దండెం ఇప్పుడు తాడే అయినా, దాని మీద లుంగీ కూడా యాదమ్మే తీసివ్వాలి.