కార్తీకంలో ఉన్ని కోటు

నా చిన్నప్పుడు మా చోడవరంలో చలికని వేరే బట్టలు ఎవరికీ ఉండేవి కావు. ఏడాదంతా పిల్లలకు నిక్కరూ చొక్కా, పెద్దవాళ్ళకు పంచే తువ్వాలూ. కార్తీకం వచ్చేసరికి తెల్లవారుజామున పొలాల మీద మంచు దిగేది. అప్పుడు రాత్రి కప్పుకున్న దుప్పటినే ముసుగేసుకుని బయటికొచ్చేవాళ్ళం. ఎండ ఎక్కగానే ఆ దుప్పటి దండెం మీదికి వెళ్ళిపోయేది, మేము చెమటలు తుడుచుకునేవాళ్ళం. పొద్దున్న ఒక కాలం, మధ్యాహ్నం ఇంకో కాలం. ఏ పూటకు ఏ బట్టో మా ఊళ్ళో అందరికీ తెలుసు. తెలియనిది నాకొక్కడికే.

ఆ ఏడు కార్తీకంలో మా ఇంటికి ఉన్ని కోటు వచ్చింది. ఉత్తరాదిన రైల్వేలో పనిచేసే మావయ్య తన పాత కోటు తెచ్చి అమ్మకిచ్చాడు. మా నాన్నకు ఆయాసం ఉండేది. చలిగాలి తగిలితే రొమ్ము పట్టేసేది. వరి పాలు పోసుకునే రోజులు కావడంతో మడికి నీరు కట్టాలి. మా వంతు తెల్లవారుజామున వచ్చేది, మానడానికి లేదు. కోటు అందుకోసం. ముదురు నీలం రంగు, ఇత్తడి బొత్తాలు, లోపల నున్నటి అస్తరు. ఆ కోటు రెండు మణుగుల బరువుండేదని మా మనవలతో చెబుతుంటాను. ఉండేది కాదు. నా భుజానికి మాత్రం అలాగే తోచింది.

మావయ్యది భారీ విగ్రహం, నాన్న సన్నం. చేతులు పొడుగైపోయాయి, రెండు బొత్తాలు ఊడిపోయాయి. "దర్జీ తాతకిచ్చి సేతులు రెండంగుళాలు తగ్గించమను. రేప్పొద్దున్న నీరు కట్టడానికెళ్ళేసరికి మీ నాన్నకి కావాలని మరీ మరీ సెప్పు" అని అమ్మ ఆదివారం నాడు నన్ను పంపింది.

దర్జీ తాతంటే అనకాపల్లి నుంచి వచ్చి, మా వీధి చివర అరుగు మీద కుట్టుమిషను పెట్టుకున్న సాయిబు గారు. మా ఇళ్ళన్నిటికీ బట్టలు ఆయనే కుట్టేవాడు. మా ఇంటికీ ఆ అరుగుకీ మధ్య పట్టుమని పాతిక ఇళ్ళు లేవు. ఆ కాస్త దూరంలోనే నా బుద్ధి మారిపోయింది. మా ఇంగ్లీషు వాచకంలో ఒక బొమ్మ ఉండేది. పసుప్పచ్చటి ఆకులు రాలుతున్న చెట్టు కింద, కోటు వేసుకుని, జేబుల్లో చేతులు పెట్టుకుని నిలబడ్డ దొరగారి కుర్రాడు. శరదృతువంటే అది. మా ఊరి చెట్లు ఒక్క ఆకు రాల్చకపోయినా సరే, నేను ఆ కుర్రాణ్ణి అయిపోవాలి.

"అమ్మ నా కొలతకి కత్తిరించమంది తాతా" అన్నాను. ఒకసారి కత్తెర పడితే నాన్నకు ఎలాగూ పట్టదు, అమ్మ ఎంత తిట్టినా కోటు నాదే. తొమ్మిదేళ్ళ బుర్రకు అంతవరకే అందింది.

తాత కళ్ళజోడు మీంచి చూశాడు. "మరి మీ నాన్నకి ఆయాసం ఎలాగుందేటి?"

"తగ్గిపోయింది."

"తగ్గిపోనాదా! సల్లటి మాట సెప్పేవు బాబూ" అని టేపు తీసి, పెళ్ళికొడుక్కి తీసినంత శ్రద్ధగా నా కొలతలు తీసుకున్నాడు. రేపు బడికెళ్ళేటప్పుడు వచ్చి పట్టుకెళ్ళమన్నాడు. ఇంటికెళ్ళి, దర్జీ రేపిస్తానన్నాడని అమ్మతో మూడో అబద్ధం చెప్పాను.

మర్నాడు ఆ కోటు నాకు అతికినట్టు సరిపోయింది. కాస్త దళసరిగా, గట్టిగా అనిపించింది కానీ దొరల బట్టలు అలాగే ఉంటాయి కాబోలనుకున్నాను. "ఈయేళంతా యేసుకుని సూడు. సాయంత్రం వచ్చి బాగుందో నేదో సెప్పు. అప్పుడు మిగతా పని సూస్తాను" అన్నాడు తాత.

నేను వీధిలో నడుస్తుంటే చోడవరం జనమంతా బారులు తీరి చూశారు. మొన్నమొన్నటిదాకా అలాగే చెప్పేవాణ్ణి. నిజానికి చూసింది పాలమ్మే ముసలమ్మ ఒకర్తీ, ఒక మేకాను. మేకే కాస్త ఎక్కువసేపు చూసింది.

బళ్ళో నా పక్కన కూర్చునేవాడు నా నుదురు ముట్టుకున్నాడు. "జొరమొచ్చిందేట్రా? మరెందుకురా ఇంత గుడ్డ?"

"జొరం కాదు, శరదృతువు. ఆఖరి గంట కొట్టేదాకా ఒక్క బొత్తాం విప్పను, సూడు!" అన్నాను, తరగతంతా వినేలా.

"అయితే ఆ శరదృతువుని వెళ్ళి కిటికీ పక్కన కూర్చోమను" అన్నారు మేష్టారు.

పది దాటేసరికి వీపు మీద చెమట కాలువ కట్టింది. ఉన్ని మెడకు రాసుకుని చెమటకాయలు లేచాయి. నేను కళ్ళు తిరిగి పడిపోయాననీ, ఎనిమిది బిందెల నీళ్ళు పోస్తే గానీ లేవలేదనీ చెబుతుంటాను. పడిపోలేదు, కూలబడ్డాను. నీళ్ళు ఒక చెంబుడు. బొత్తాలు మాత్రం విప్పలేదు, ఇది నిజం.

మధ్యాహ్నం అన్నానికి ఇంటికొచ్చి, కోటును పెరట్లో గడ్డిమేటులో దాచి లోపలికెళ్ళాను. మంచం మీద నాన్న కూర్చుని ఉన్నాడు, గోడకు ఆనుకుని, పిల్లికూతలతో ఊపిరి తీస్తూ. పొద్దున్న గోనెసంచి నెత్తిన కప్పుకుని మంచులో నీరు కట్టడానికి వెళ్ళాడట. సగం మడి తడిసేసరికి ఊపిరి అందక, పక్కమడి వాళ్ళు పట్టుకుని తీసుకొచ్చారట. అమ్మ వేడి నీళ్ళ గ్లాసు ఆయన నోటికి అందిస్తోంది. నన్ను చూసి నాన్న, మాటకూ మాటకూ మధ్య ఆగుతూ, "దర్జీ... కోటు ఇచ్చేడేట్రా?" అని అడిగి, నేను జవాబు చెప్పకముందే, "పోన్లే, పాపం ఆయనకెన్ని పనులో" అన్నాడు.

అన్నం తినకుండానే పెరట్లోకి ఉరికాను. గడ్డిలోంచి కోటు లాక్కుని అరుగు దాకా ఏడుస్తూ పరుగెత్తాను. మూడు అబద్ధాలూ ఒక్క గుక్కలో కక్కేశాను. "కత్తిరించేసిన ముక్కలు ఉన్నాయా తాతా? మళ్ళీ అతికించేయవా?" అన్నాను.

తాత కోటు తిరగేసి ఒళ్ళో పెట్టుకున్నాడు. అస్తరు కింద ఒక దారం కొస వెతికి పట్టుకుని లాగాడు. ఒక చెయ్యి జానెడు కిందికి జారింది. ఇంకో దారం లాగాడు, నడుము విచ్చుకుంది. చూస్తుండగానే నా కోటు పెద్దవాళ్ళ కోటు అయిపోయింది. దాన్నాయన కత్తిరించనేలేదు. మిగిలిన గుడ్డంతా లోపలికి మడిచి, తర్వాత తీసేయడానికి వీలుగా పొడుగాటి కచ్చా కుట్లు వేశాడంతే. అంటే నేను పొద్దుట్నుంచీ మోసింది రెండు కోటుల వేడి.

"ఆయాసమంటే ఒక్కపాలి తగ్గిపోయేదేట్రా? సాయంత్రానికి నువ్వే ఒస్తావనుకున్నాను" అన్నాడు. అంతలోనే ఆయన మొహం వాడిపోయింది. "నీటి వంతు సంగతి నాకు తెల్దురా. మీ అమ్మని ఒక్కపాలి అడగాల్సింది. నాదీ తప్పే."

ఆ పూట చేతిలో ఉన్న పని పక్కన పెట్టి, నాన్న కోటు ముగించి, తానే తెచ్చి ఇచ్చాడు. ఆలస్యమైందని నాన్నకు క్షమాపణ చెప్పుకున్నాడు గానీ నా ఊసెత్తలేదు. ఆయన వెళ్ళాక నేనే చెప్పాను. అమ్మ చీపురు తిరగేసింది. నాన్న నవ్వబోయి దగ్గాడు. మర్నాడు ఇంకా చీకటుండగానే కోటు తొడుక్కుని, నీరు కట్టడానికి నడిచే వెళ్ళాడు, నడిచే వచ్చాడు.

నాన్న మీద జాలితోనే కోటు పట్టుకుని పరుగెత్తానని ఇన్నేళ్ళూ చెప్పుకొచ్చాను. జాలి ఉంది, కాదనను. కానీ ఆ మెడ మంట లేకపోతే, ఆ కోటు ఒంటికి హాయిగా ఉండి ఉంటే, అంత వేగంగా పరుగెత్తేవాణ్ణా? చెప్పలేను. తాత నా మంచితనాన్ని ఎంత నమ్మాడో కార్తీకం ఎండనూ అంతే నమ్మాడని నా అనుమానం.

ఇప్పుడు ఇంట్లో పిల్లలెవరైనా నా దగ్గరికొచ్చి అబద్ధం చెబితే నాకు ఇట్టే తెలిసిపోతుంది, నేను ఆరితేరినవాణ్ణి కదా. అయినా మొహం మీద అనను. వాళ్ళు వెనక్కి రావడానికి కాస్త గుడ్డ మడతలో ఉంచుతాను. "సరే, సాయంత్రం ఇంకోసారి చెప్పు" అంటాను. అలా అనేముందు ఒక్కటి మాత్రం చూసుకుంటాను, ఆ సాయంత్రం దాకా చలిలో ఎవరు ఉండిపోతారోనని.