గట్టు మీది గంధం

మదనపల్లెలో డిగ్రీ రెండో ఏడు చదువుతుండగా, వృక్షశాస్త్రం రికార్డులో ఒక పూలచెట్టునూ, శంకువులు కాసే ఒక చెట్టునూ పోల్చి రాయమన్నారు. వర్గీకరణ ఒక పేజీ, సంరక్షణ ఒక పేజీ. డెబ్బైల చివరి మాట ఇది.

శంకువుల జాతి మా వైపు ఎక్కడుంది? పుంగనూరులో ఒక బంగళా ముందు క్రిస్మస్ చెట్టు ఉందంటే వెళ్లాను. చుట్టూ ఇనుప కంచె, తడి ఆరని పాదు. కొమ్మ మీద చెయ్యి వేయబోతే తోటమాలి పరుగెత్తుకొచ్చాడు.

"తుంచొద్దమ్మా, అయ్య సూస్తే నా పని పోతాది. రాలిందేమన్నా ఉంటే ఏరుకో."

ఎండిన రెమ్మ ఒకటి ఏరుకున్నాను.

పూలచెట్టు కోసం వెతకనక్కర్లేదనుకున్నాను. కుప్పం దగ్గర మా చేని గట్టున శ్రీగంధం చెట్టుండేది. ఎవరూ నాటింది కాదు, పిట్టలు వేసిన విత్తు. శనివారం ఇంటికి పోయేసరికి మొద్దే మిగిలి ఉంది. ఎవరో కోసుకుపోయారని నాయనే వెళ్లి ఫారెస్టు వాళ్లకు చెప్పాడట. చెప్పినవాడినే పట్టుకుపోయారు.

"నీ సేన్లో సెట్టు నీకు తెలీకుండా యాడికి పోతాదప్పా?" అని అడిగారట.

మర్నాడు తిరిగొచ్చాడు. చెంప వాచి ఉంది. అమ్మ పెట్టిన సంగటి ముట్టలేదు.

"సెట్టేమో సర్కారుదంట. కాపలా మాత్రం నాదంట," అన్నాడు.

అదంతా రికార్డులో సంరక్షణ పేజీలో రాశాను. వర్గీకరణ పేజీలో మామూలు పాఠమే. విత్తనం కాయలో దాగి ఉంటే ఆవృతబీజం, శంకువు పొలుసుల మీద బయటికే ఉంటే వివృతబీజం. ఆ పేజీకి లెక్చరరు టిక్కు పెట్టారు. రెండో పేజీని అడ్డంగా కొట్టేశారు.

"ఇది బాటనీనా, అర్జీనా? పుస్తకంలో ఉండేది రాయమ్మా."

రాశాను. గంధానికి చట్టం రక్షణ ఉందని రాశాను. క్లాసులో అందరికన్నా ఎక్కువ మార్కులు వేశారు. ఆ మార్కులు వద్దనే ధైర్యం లేకపోయింది.

మరుసటి వానలకు గట్టున నాలుగు గంధం మొలకలు లేచాయి. నాయన వంగి ఒక్కోటే పీకాడు.

"ఒక్కటన్నా ఉండనీ నాయినా."

"యాల? మళ్లా నన్ను కొట్టించేదానికా?"

ఎనభైల్లో ఆ చేన్లో మల్బరీ పెట్టాం. అప్పుడు కూడా గట్టున మొలకలు వస్తూనే ఉండేవి. నాయనకు చూపు తగ్గింది. నేనే ఆకు చూసి, గంధమైతే పీకి పారేసేదాన్ని. బాటనీ చదివినదాన్ని కదా, ఒక్కసారి కూడా పొరబడలేదు.