పరామర్శకి వచ్చినవాళ్ళు

మా ఆయనకి గుండె ఆపరేషన్ చేయించి రాజమండ్రి నుంచి రామచంద్రపురం తీసుకొచ్చాక, పరామర్శల తాకిడి మొదలైంది. పొద్దున్నే పిల్లలకి క్యారేజీలు కట్టి, ఆయనకి ఉప్పు లేకుండా విడిగా వండి, మందులేసేసరికే గేటు చప్పుడయ్యేది. వచ్చినవాళ్ళకి కాఫీ ఇవ్వాలి, భోజనం వేళైతే వడ్డించాలి. "నువ్వు చిక్కిపోయావే" అన్నవాళ్ళే గానీ, తాగిన గ్లాసు కడిగినవాళ్ళు ఒక్కరూ లేరు.

ఒకరోజు ద్రాక్షారామం నుంచి ఆయన పెద్దమ్మ వచ్చింది. నేను వేసిన పెసరట్టు తింటూ, మంచం మీదున్న ఆయన వింటుండగానే, "మా వీధిలో ఒకాయనకీ ఇదే ఆపరేషను. నెల తిరక్కుండా పోయాడు" అంది. ఆయన మొహం పాలిపోయింది. నాకు ఒళ్ళు మండిపోయింది.

"అత్తయ్యగారూ, ధైర్యం చెప్పలేకపోతే రావద్దండి. నేనిక్కడ హోటల్ నడపట్లేదు" అన్నాను.

ఆవిడ చెయ్యి కడుక్కుని విసవిసా వెళ్ళిపోయింది. "పెద్దావిడని పట్టుకుని అంత మాటంటావా?" అని ఆయన నామీద ఎగిరారు. నా కోపం రెట్టింపైంది.

"ఆవిడ మాటకి మీకు చెమటలు పట్టాయి. తుడిచింది నేను" అన్నాను.

మర్నాడు మధ్యాహ్నం మళ్ళీ ఎవరో గేటు తీశారు. పళ్ళు నూరుకుంటూ లేవబోయాను. ఈలోగా ఆయనే మంచం మీంచి, "మా ఆవిడ పడుకుందండి. ఇంకోసారి రండి" అని కేకేశారు.

పెద్దమ్మగారు ఆ తర్వాత మా గడప తొక్కలేదు. అందుకు నాకు ఈనాటికీ విచారం లేదు.