కార్డు ఇచ్చేసిన గంగుబాయి

బాన్సువాడలో బీడీలు చేసే ఆడవాళ్లకు కార్డే ఆస్తి. కార్డు ఉన్నవాళ్లకే కార్ఖానాలో ఆకు, తంబాకు ఇస్తారు. పిల్లను చూడడానికి వచ్చినవాళ్లు కూడా ముందు కార్డు సంగతే అడుగుతారు. అలాంటి కార్డును గంగుబాయి తొంభై ఆరులో తోటికోడలు పోసవ్వ పేరు మీద రాయించేసింది.

ఆ ఏడే ఊరి చివర షెడ్డులో టీవీల్లోకి కాయిళ్లు చుట్టే ఫ్యాక్టరీ వచ్చింది. వెంట్రుకంత సన్నని రాగితీగ. బీడీలు చేసిన వేళ్లకే అది లొంగుతుందని గంగుబాయిని మొదట్లోనే తీసుకున్నారు. కుర్చీలో పని, నెలజీతం. తంబాకు వాసన పోయింది, పిల్లలు ఆమె చేతి ముద్ద తినసాగారు. ఇగ బీడీల మొఖం చూడనవసరం లేదనుకునే కార్డు ఇచ్చేసింది.

ఆరేండ్లకు చైనా నుంచి ఇద్దరు వచ్చారు. పెద్ద ఆర్డరు వస్తుందని, ఏమీ దాచకుండా చూపించమని మేనేజరు చెప్పాడు. తీగ కొసను గోటితో మడిచి లోపలికి దూర్చడం గంగుబాయికి బీడీ మూతి మడిచిన అలవాటు. వచ్చినవాళ్లలో ఒకామెకు చెయ్యి పట్టుకుని మరీ అది నేర్పింది. పోయేటప్పుడు బొట్టు పెట్టి పంపింది.

దసరా అయ్యాక మిషన్లు లారీలెక్కాయి. ఇక కాయిళ్లన్నీ చైనాలోనే చుడతారట.

"నేను నేర్పిన ఆమేనా సారూ, చుట్టేది?" అని గంగుబాయి అడిగింది. మేనేజరు షెడ్డు తలుపుకు తాళం వేశాడు.

కార్డు అడిగి తెచ్చుకొమ్మని భర్త పోరు. నాలుగు రోజులు ఆగి పక్కింటికి పోయింది. పోసవ్వ చాట ముందు కూర్చుని ఉంది. గంగుబాయి నోరు తెరవకముందే ఆమె అన్నది: "కార్డు నువ్విచ్చిందే అక్కా. అడిగితే ఇయ్యనని ఎట్లంట? ఇచ్చినంక నేనేం జెయ్యాలె, గది గూడ నువ్వే చెప్పు."

గంగుబాయి ఆమె పక్కనే కూర్చుంది.

"ఆకు కత్తిరించియ్యి. నేను చుడత."

ఒక్క కార్డు మీద వచ్చే ఆకునే ఇద్దరూ పంచుకున్నారు. గంగుబాయి చేతికి మాత్రం రాగితీగ అలవాటు పోలేదు, బిగించి చుట్టింది. పొగ రాదని కార్ఖానాలో గుమాస్తా ఆ బీడీలు పిడికిళ్లకొద్దీ విరిచి పారేశాడు. తిట్లు పోసవ్వకు పడ్డాయి, కార్డు మీద పేరు ఆమెదే కదా. మరునాడు కూడా పోసవ్వ ఇద్దరికీ కలిపే ఆకు నానబెట్టింది.