చూశానని చెప్పిన నీళ్లు

పోయిన బుధవారం పొద్దున మా వదిన చనిపోయింది. మొయినాబాద్ దవాఖానకు తీసుకుపోతుంటే దారిలోనే గుండె ఆగిందని ఆమె కొడుకు ఫోన్ చేసి చెప్పాడు. నేను "అట్లనా" అని మాత్రమే అన్నాను. మూడో రోజు ప్రార్థనలో ఆమె గురించి రెండు మాటలు చెప్పమని పాస్టరు గారు నా వైపు చూస్తే తల దించుకున్నాను. ఆ మాటలే ఇక్కడ రాస్తున్నాను.

ఆమె నా సొంత అన్న భార్య కాదు. పక్కింటావిడ, వరసకు వదిన. వాగు పక్కన అరెకరంలో పాలకూర, కొత్తిమీర పండించేది. కోసిన ఆకులు ఏరి ఏరి కట్టలు కట్టేది. పుచ్చు ఆకు ఒక్కటి కూడా లోపల దాచేది కాదు. "తినెటోడు మన మొకం చూడడు మరిదీ, నమ్మి తింటడు" అనేది. ఆ మూటతో మెహిదీపట్నం బస్సెక్కేది. మూటకు టికెట్ కొడితే కండక్టరును ఊరికే వదిలేది కాదు.

"కొత్తిమీరకు టికెట్ కొట్టినవ్ గద బిడ్డా, మరి దాని సీటేది? చూపియ్యి, కూసోవెడ్త."

బస్సంతా నవ్వేది. ఇంటి నుంచి బయలుదేరేముందు మా గోడ మీద ఒక కట్ట పెట్టిపోయేది. పిలిచేది కాదు. పిలిస్తే నేను ఏదో ఒకటి మాట్లాడవలసి వస్తుందని ఆమెకు తెలుసు.

వాగుకు ఎగువన బట్టలకు రంగులద్దే చిన్న కంపెనీ ఉంది. కొన్నేళ్ల కిందట ఆఫీసర్లు వచ్చి పంచాయతీలో మీటింగ్ పెట్టారు. ప్రభుత్వం, కంపెనీ కలిసి ఒక ఒప్పందం రాసుకున్నాయట. కేసు లేదు, జుర్మానా లేదు. వాగులోకి వదిలే రసాయనాలను కంపెనీయే తనంతట తాను తగ్గించుకుంటుంది. ఊరి నుంచి ఒకరు నెలకోసారి పోయి, బయటికొచ్చే నీళ్లు చూసి సంతకం చేయాలి. ఎవరిని పెడదామని అడిగితే వదిన లేచింది.

"మాటిచ్చెటోడు ఒక్కడుంటె సాలదు సారూ, చూసెటోడు గూడ ఉండాలె. మా మరిదిని పెట్టుండ్రి. ఆయనకు అబద్ధమాడనీకి గూడ మాటలు రావు."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. లోపల కొంచెం గర్వంగా కూడా అనిపించింది.

మొదటి రెండు నెలలు కంపెనీ వెనక్కి నడిచిపోయి, నీళ్లు బయటికొచ్చే గొట్టం దగ్గర నిలబడి చూశాను. నీళ్లు నిజంగానే తేటగా వచ్చాయి. మూడో నెల వాన. మేనేజరు గేటు దగ్గరే కుర్చీ వేయించాడు.

"ఎందుకు పెద్దాయనా బురదల నడుసుడు? గీడనే కూసో, చాయ తాగు."

కూర్చున్నాను, చాయ తాగాను, సంతకం చేశాను. నాలుగో నెల ఎండ కాసింది, కుర్చీ మాత్రం గేటు దగ్గరే ఉంది. వెనక్కి పోయి చూస్తానని అనడానికి నోరు రాలేదు. అంటే ఆయనను అనుమానించినట్టు అవుతుందనుకున్నాను. ఆ తర్వాత ఒక్కసారి కూడా గేటు దాటి పోలేదు.

ఇంటికి రాగానే వదిన గోడ అవతల నుంచి అడిగేది.

"చూసినవా మరిదీ?"

"చూసిన."

అంతే. ఇక ఫికర్ లేకుండా మోటరు వేసేది. ఆమె బావిలోకి వచ్చేది వాగు ఊటే.

నిరుడు ఎండాకాలం పాలకూర ఆకుల అంచులు మాడిపోయాయి. విత్తనాలు మంచివి కావని మొయినాబాద్ షాపుకు పోయింది. తోడుగా నన్ను రమ్మంది.

"ఏం ఇత్తనాలిచ్చినవ్ బిడ్డా? మొలిచినయి గని మూతి మాడ్చుకున్నయి."

"అవ్వా, గవే ఇత్తనాలు ఆలూరుల మంచిగెల్లినయి. నీ నీళ్లు చూసుకో జర."

"నీళ్లా? మా మరిది నెలనెల పోయి చూస్తడు. గీయన మీద డౌటా నీకు? అడుగు, ముంగట్నే ఉన్నడు."

షాపాయన నా మొహం చూశాడు. నేను చేతిలోని సంచి మడతపెడుతూ తల ఊపాను. ఆయన వేరే విత్తనాలు ఇచ్చాడు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో వదిన, "జర గట్టిగ మాట్లాడిన్నా? పాపం, మంచోడే" అని బాధపడింది.

అప్పుడైనా చెప్పాల్సింది. మా ఊరి స్టేజీ వచ్చేదాకా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను.

ఆమె గుండె ఆ నీళ్ల వల్ల ఆగిందని నేననను. డాక్టర్లూ అట్లా చెప్పలేదు. ఆ నీళ్లు మంచివో చెడ్డవో కూడా నాకు తెలియదు. తెలుసుకోమని ఊరు నన్ను పెట్టింది. తెలుసుకోలేదు.

ప్రార్థన అయిన మరునాడు వదిన కోడలు బావి దగ్గర కనిపించింది. అత్త వేసిపోయిన మడులకు నాలుగు రోజులుగా నీళ్లు లేవు. స్టార్టరు మీద చెయ్యి పెట్టి నన్ను చూసింది.

"చిన్న మామా, నీళ్లు మంచిగనే ఉన్నయి గద? మోటరెయ్యాల్నా?"

"ఆగు బిడ్డా. నేను చూడలె."

"ఈ నెలనా?"

"ఏండ్లాయె. మీ అత్తకు గూడ అబద్ధమే చెప్పిన."

ఆమె చెయ్యి తీయనూ లేదు, స్టార్టరు నొక్కనూ లేదు. మా ఇద్దరి ముందు ఆ ఎండలో పాలకూర మొలకలు, రెండేసి ఆకులవి, నేల మీదికి వాలి ఉన్నాయి.